చలికాలపు దాహం

మేముండేది చికాగో పక్కన నేపర్‌విల్‌లో. చలికాలంలో మా ఇంటికొచ్చే తెలుగువాళ్లు పెరట్లో మంచులో సగం కూరుకుపోయిన జూనిపర్ బోన్సాయ్ కుండీలను చూసి ఒకటే మాట అంటారు: “ఇంత చలిలో వాటినలా వదిలేశారేంటండీ, పాపం! లోపల పెట్టుకోకూడదూ?” హాల్లో కిటికీ పక్కన జువ్వి చెట్టు పచ్చగా కనబడుతూనే ఉంటుంది మరి. దానికి దక్కిన మర్యాద జూనిపర్‌కు ఎందుకు దక్కలేదని వాళ్ల సందేహం.

జువ్వి మన వేడి నేలల చెట్టు. 10 డిగ్రీల కిందికి దిగితే దానికి ఇబ్బంది. అందుకని చలి మొదలవగానే లోపలికి వచ్చేస్తుంది. జూనిపర్ చలిదేశపు చెట్టు. దానికి ఏటా కొన్ని నెలల నిద్ర కావాలి, ఆ నిద్ర పట్టడానికి చలి కావాలి. వెచ్చటి హాల్లో పెడితే నిద్ర లేక, వెలుతురు చాలక, హీటరు గాలికి ఎండిపోయి మెల్లగా ప్రాణం వదిలేస్తుంది. పైగా జూనిపర్ చచ్చాక కూడా ఆకు వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. క్రిస్మస్‌కు కానుకగా వచ్చిన చెట్టు మార్చిలో ఎండినట్టు కనిపించిందంటే, అది నిజంగా పోయింది ఏ జనవరిలోనో, ఫిబ్రవరిలోనో.

మాది గోదావరి జిల్లా కడియం. నర్సరీ కుటుంబం. కుండీ మార్చడం, అంటు కట్టడం చిన్నప్పటి నుంచి చూసిన పనులే. ఇక్కడికొచ్చాక కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది చలికాలం సంగతి. చలికాలం దాటించడం, జూనిపర్‌కు వేరే జాతి ఆకు అంటు కట్టడం పైకి సంబంధం లేని పనుల్లా కనిపిస్తాయి. నాకు తెలిసినంతలో రెండింటికీ సూత్రం ఒక్కటే. ఆకుకు కింది నుంచి నీరు అందని రోజుల్లో, లోపలున్న తడి ఆరిపోకుండా కాయడం.

కుండీలో వేరు కష్టాలు

బోన్సాయ్ అని ప్రత్యేకంగా మరుగుజ్జు జాతి ఏదీ లేదు. అడవిలో పెరిగే మామూలు చెట్టునే లోతు తక్కువ కుండీలో పెట్టి, కొమ్మలూ వేర్లూ కత్తిరిస్తూ, తీగ చుట్టి వంచుతూ పెంచుతాం. చెట్టు గుణం మారదు, చలిని తట్టుకునే శక్తీ మారదు. మారేదల్లా వేరు ఉండే చోటు.

శరదృతువులో పగటిపూట తగ్గుతున్నకొద్దీ చెట్టు చలికి సిద్ధమవుతుంది. కణాల్లో చక్కెరలు పెంచుకుంటుంది. కణంలోని నీటిలో కొంత కణాల మధ్య ఖాళీల్లోకి వచ్చి అక్కడ గడ్డకడుతుంది. కణం లోపల మంచుగడ్డ ఏర్పడితే కణం చస్తుంది, బయట ఏర్పడితే బతుకుతుంది. కొమ్మలూ మొగ్గలూ ఈ పని బాగా చేసుకుంటాయి. వేర్లకు అంత నేర్పు లేదు. నేల లోతుల్లో ఎప్పుడూ కాస్త వెచ్చగానే ఉంటుంది కాబట్టి వాటికి ఆ అవసరం పడలేదు. చాలా జాతుల్లో పైకొమ్మలు మైనస్ 25ను తట్టుకున్నా వేర్లు మైనస్ 5కూ మైనస్ 10కీ మధ్యలోనే దెబ్బతినడం మొదలుపెడతాయి. సన్నటి తెల్లవేర్లు ముందు పోతాయి, ముదురు వేర్లు కాస్త ఓర్చుకుంటాయి. జూనిపర్ వేర్లు కొంచెం గట్టివి. ట్రైడెంట్ మేపుల్ వేర్లు కండగా, నీరు నిండి ఉంటాయి కాబట్టి వాటికి ముప్పు ఎక్కువ.

అమెరికా వ్యవసాయశాఖ దేశాన్నంతా చలి మండలాలుగా విడగొట్టి పటం వేసింది. ఏడాదిలో అతి చల్లని రాత్రి ఎంత చలి ఉంటుందో, దాని 30 ఏళ్ల సగటు ఆ పటానికి ఆధారం. 2023లో కొత్త పటం వచ్చింది. మా చికాగో శివార్లు 5, 6 మండలాల అంచున ఉన్నాయి. అంటే మైనస్ 23 చుట్టుపక్కల. కుండీలో ఉన్న చెట్టును రెండు మండలాలు ఎక్కువ చలిలో ఉన్నట్టు లెక్కవేసుకోవాలని ఇక్కడి పెంపకందార్ల వాడుక. నాలుగు వైపులా గాలి తగిలే గుప్పెడు మట్టి నేలలా వేరును కాయలేదు. 2019 జనవరి 30న చికాగో ఓ'హేర్ విమానాశ్రయంలో దాదాపు మైనస్ 31 నమోదైంది. అలాంటి రాత్రి ఆరుబయట బల్లమీద బోన్సాయ్ ఉంటే దానికి దేవుడే దిక్కు.

చికాగో బొటానిక్ గార్డెన్ గ్లెంకోలో ఉంది. జపాన్ బోన్సాయ్ గురువు సుసుము నకమురా 2000లో దానికి 19 చెట్లు కానుకగా ఇచ్చారు. చలికాలంలో వెళితే ఆ చెట్లేవీ కనబడవు. నవంబరులో లోపలి గిడ్డంగికి తరలిస్తారు, వసంతంలో మళ్లీ ముంగిట పెడతారు. అంత పెద్ద తోటవాళ్లు చేసే పనే మేమూ చిన్న ఎత్తున చేస్తాం.

గరాజు, మంచు, ఒక థర్మామీటరు

థాంక్స్‌గివింగ్ పండగ నాటికి మా చెట్లు ఏవి ఎక్కడ ఉండాలో తేలిపోవాలి. అంతకుముందే లోపలికి తేకూడదు. కొన్ని తేలికపాటి గడ్డకట్టే రాత్రులు బయట గడిపితేనే చెట్టు చలికి రాటుదేలుతుంది.

మేపుల్, ఎల్మ్ వంటి ఆకు రాల్చే చెట్లు గరాజులోకి వెళతాయి. మా గరాజుకు హీటరు లేదు, కానీ ఒక గోడ ఇంటికి ఆనుకుని ఉంటుంది. నాకు కావాల్సింది సున్నాకూ 5 డిగ్రీలకూ మధ్య. 5 దాటి చాలా రోజులుంటే చెట్టు నిద్ర లేస్తుంది. మైనస్ 5 కిందికి దిగితే వేరుకు ముప్పు. అందుకే కుండీల నడుమ నేలమీద థర్మామీటరు ఉంచుతాను. గోడమీద పెడితే అది గోడ సంగతి చెబుతుంది. ఆకుల్లేని చెట్టుకు ఈ నెలల్లో వెలుతురు అక్కర్లేదు. గరాజులోకి తేవాల్సి వచ్చిన జూనిపర్‌కు మాత్రం కిటికీ దగ్గర చోటిస్తాను.

గట్టి జూనిపర్లను ఇంటికి ఉత్తరం వైపు, గోడ వారన నేలమీద దించుతాను. ఎండ తగిలితే పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం జరుగుతుంది. ఆ ఊగిసలాటే వేరును తెంపుతుంది. ఉత్తరం వైపు నీడలో మట్టి ఒకసారి గడ్డకడితే అలాగే ఉండిపోతుంది. కుండీ అంచు దాటేదాకా పైన్ బెరడు ముక్కలు కప్పుతాను. మంచు పడితే పారతో దానిమీదికే ఎత్తిపోస్తాను. కొత్తగా పడిన మంచులో గాలి బంధించి ఉంటుంది కాబట్టి వేడి త్వరగా బయటికి పోదు. అయితే రోడ్డు పక్క మంచు పనికిరాదు. అందులో ఉప్పు కలిసి ఉంటుంది, అది కరిగి వేర్లలోకి దిగితే వసంతంలో ఆకు మాడుతుంది.

ఎలుకల సంగతి మరిచిపోవద్దు. ఆ బెరడు ముక్కల కింద వెచ్చగా ఉంటుంది కాబట్టి అవి కాపురం పెట్టి, తిండి దొరకనప్పుడు చెట్టు మొదలు చుట్టూ బెరడు కొరికేస్తాయి. చుట్టూరా కొరికితే ఎంత పాత చెట్టైనా పోతుంది. సన్నకన్ను ఇనుపవల చుట్టి పెట్టడం మేలు. కుండీ విషయంలోనూ జాగ్రత్త కావాలి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అంచు లోపలికి వంగిన కుండీలో ఆ మంచుకు పైకి లేచే దారి ఉండదు కాబట్టి కుండీయే పగులుతుంది. ఎక్కువ వేడిమీద కాల్చిన జపాన్ టొకొనామె కుండీలు చలికి బాగా నిలుస్తాయి.

ఎండబెట్టే చలి

గడ్డకట్టే చలిలో కూడా గాలి వీస్తే దండెం మీద బట్టలు ఆరిపోతాయి. జూనిపర్ ఆకుకూ అదే గతి. వేరు చుట్టూ మట్టి రాయిలా బిగుసుకుపోతే పైకి నీరు రాదు. ఎండ తగిలితే, మిచిగన్ సరస్సు మీదుగానో మైదానాల మీదుగానో గాలి వీస్తే ఆకు మాత్రం తడిని కోల్పోతూనే ఉంటుంది. ఫిబ్రవరిలో పోయాయనుకునే జూనిపర్లలో చాలావాటిని చంపింది ఈ దాహమే. గోడ వార, గాలి మళ్లించే చెక్క అడ్డు, పైన మంచు చేసే మేలులో సగం తడిని కాపాడటమే.

“చలికాలంలో నీళ్లు పోయాలా?” అని అడిగితే, పోయాలి అనే చెబుతాను. పెద్ద చలి రాబోతోందని తెలిసిన ముందు రోజే మట్టి బాగా తడపాలి. గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడి వదులుతుంది. తడి మట్టి ఆ వేడిని వదిలేదాకా సున్నా దగ్గరే నిలబడుతుంది, పొడి మట్టి గబగబా కిందికి జారిపోతుంది. గరాజులో ఉన్న చెట్లను వారం పది రోజులకోసారి వేలు పెట్టి చూడాలి. పైమట్టి ఆరితే, గడ్డకట్టకుండా ఉన్న రోజు చూసి చల్లటి నీళ్లే పోయాలి. గడ్డకట్టిన మట్టిమీద వేడినీళ్లు పోసి కరిగించడం వంటి తెలివితేటలు వద్దు.

ఈ నెలల్లో జూనిపర్ ఆకు కంచురంగుకో, ఊదారంగుకో తిరుగుతుంది. కొత్తవాళ్లు చూసి కంగారుపడతారు. అది జబ్బేమీ కాదు, వెచ్చబడగానే పచ్చదనం తిరిగొస్తుంది. ఆకును వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తగా వంగితే బతికే ఉంది, పెళుసుగా విరిగితే అనుమానించాలి.

అసలు గండం జనవరిలో రాదు, మార్చిలో వస్తుంది. మధ్యాహ్నం 15 డిగ్రీలు, తెల్లవారుజామున మైనస్ 8. రెండు మూడు వెచ్చటి రోజులు చూసి చెట్టు నిద్ర లేచిందంటే చలికాలమంతా కూడబెట్టుకున్న ఓర్పును పోగొట్టుకుంటుంది. జనవరిలో కొమ్మకు మైనస్ 20 తగిలినా నవ్వుతూ దాటగల మేపుల్, ఏప్రిల్లో చిగురు విప్పాక మైనస్ 2కే నల్లబడుతుంది. కాబట్టి వీలైనంత కాలం చల్లగానే ఉంచి నిద్రపోనివ్వాలి. లేచాక పగలు బయటికి, రాత్రి లోపలికి మోసే పని మే మొదటివారం దాకా తప్పదు. నడుము నొప్పి ఉన్నవాళ్లు చిన్న చెట్లే పెంచుకోండి.

కొండ చెట్టుకు వేరే ఆకు

ఆ మార్చి నెలే జూనిపర్‌కు అంటు కట్టే కాలం కూడా.

బోన్సాయ్‌కి జూనిపర్ అంటే ఎందుకంత ఇష్టమో దాని మొదలు చూస్తే అర్థమవుతుంది. ఒక వైపు ఎండి తెల్లబడిన మాను, దాన్ని చుట్టుకుంటూ పైకి పాకే సన్నటి బతికిన బెరడు. కొమ్మ ఎండితే ‘జిన్’ అంటారు, మాను ఎండితే ‘షారి’. పిడుగులు, మంచు, కరువు వందల ఏళ్లపాటు చెక్కిన చెక్కడం అది. అమెరికా పడమటి కొండల్లోని రాకీ మౌంటెన్ జూనిపర్ ఇలాంటిదే. యూటాలో లోగన్ లోయలో ‘జార్డిన్ జూనిపర్’ అని ఒక చెట్టుంది, దాని వయసు సుమారు 1,500 ఏళ్లంటారు. ప్రభుత్వ అడవుల నుంచి ఎలాంటి చెట్టు తవ్వాలన్నా అనుమతి పత్రం తప్పనిసరి. నా దగ్గరున్నది అలా అనుమతితో తవ్విన ఒకరి దగ్గర కొన్నది.

చిక్కు ఆకుతోనే వస్తుంది. ఎడారి వైపు పెరిగే కాలిఫోర్నియా జూనిపర్ ఆకు ముతక. రాకీ మౌంటెన్ జూనిపర్ ఆకు వదులుగా వేలాడుతుంది, పైగా మా వైపు ఉక్క వేసవిలో బూజు తెగులు పట్టి చివర్లు మాడతాయి. పొడి కొండగాలికి అలవాటుపడిన చెట్టు కదా. ఇంకో చిక్కుంది. జూనిపర్ ముదురు కొమ్మ ఒకసారి బోసిపోతే దానిమీద మళ్లీ చిగురు వేయడం అరుదు. గొప్ప మాను ఉండి, ఆకంతా జానెడు దూరంలో ఉంటే బొమ్మ కుదరదు.

అందుకని పాత మానుమీద జపాన్ షింపాకు ఆకును అంటు కడతారు. షింపాకు అంటే చైనా జూనిపర్‌లో ఒక రకం. ఆకు పొలుసుల్లా సన్నగా, దట్టంగా, మెరిసే పచ్చగా ఉంటుంది. అందులో పేరున్నవి రెండు. ఇటోయిగావా అనేది నీగాటా ప్రాంతంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరి పేరు, ఆ వెనకాల మ్యోజో కొండ సున్నపురాతి చరియల మీద పెరిగిన చెట్ల వంశం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తాళ్లు కట్టుకుని దిగి ఆ చెట్లను తెచ్చేవారు. రెండోది కిషూ, కీ ద్వీపకల్పం వైపుది, ఇంకా బిగుతైన ఆకు. కాలిఫోర్నియా పెంపకందార్లు తమ ఎడారి జూనిపర్లకు ఎక్కువగా ఈ రెండే కడతారు.

పుల్ల కోయడం, తొడగడం

సయాన్ పుల్లను, అంటే ఎక్కించబోయే కొమ్మను, షింపాకు ఇంకా నిద్రలో ఉండగానే కోయాలి. ఎండ బాగా తగిలే చోట, చురుగ్గా పెరిగే కొమ్మ కొస కావాలి. అగ్గిపుల్ల లావు, 5 నుంచి 8 సెంటీమీటర్ల పొడవు, కింది భాగం కాస్త గోధుమరంగుకు తిరిగి ఉండాలి. వెంటనే కట్టలేకపోతే తడి కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి ఫ్రిజ్‌లో దాచవచ్చు. వేరుమూలం, అంటే పాత చెట్టు, అప్పుడే మేలుకుంటూ ఉండాలి. గడ్డకట్టని చోటికి దాన్ని రెండు మూడు వారాల ముందే తెచ్చుకుంటే సరిపోతుంది.

బ్లేడును స్పిరిటుతో తుడిచి, పుల్ల అడుగును ఒక వైపు సుమారు 2 సెంటీమీటర్ల పొడవున, రెండో వైపు దానికంటే పొట్టిగా, పలుచని చీల ఆకారంలో కోస్తాను. చెక్కిన ముఖం నున్నగా, ఒక్క కోతలో రావాలి. తర్వాత మానుమీద బతికిన బెరడులో ఏటవాలుగా, లోతు తక్కువగా గాటు పెట్టి పుల్లను లోపలికి దించుతాను. పొడవు కోత చెక్క వైపు ఉండాలి.

బెరడుకూ చెక్కకూ మధ్య కేంబియం అనే పలుచని పొర ఉంటుంది. కొత్త కణాలు పుట్టేది అక్కడే. పుల్ల కేంబియం, మాను కేంబియం ఒక వైపైనా తాకాలి. మాను బెరడు మందం, పుల్ల బెరడు పలుచన. రెండిటి పైఅంచులు కలిపితే లోపలి పొరలు కలవవు, కాబట్టి పుల్లను కాస్త లోపలికి జరపాలి. ఆ తర్వాత టేపు బిగించి చుట్టి, కోత చుట్టూ గాయాన్ని మూసే ముద్ద పూసి, పుల్లను పారాఫిల్మ్ అనే సాగే పలుచని పొరతో పూర్తిగా కప్పాలి. లేదా తడి నాచు పెట్టిన చిన్న ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి కట్టాలి.

ఆ సంచి ఎందుకు? పుల్లకు వేరు లేదు. మానుతో నాళాలు కలిసేదాకా దానికి కింది నుంచి చుక్క నీరు రాదు. గడ్డకట్టిన మట్టిలో ఉన్న జూనిపర్‌ది కూడా ఇదే స్థితి. కాబట్టి మందూ అదే: నీడ, గాలి తగలకపోవడం, చుట్టూ తేమ. సంచి మీద ఎండ పడితే లోపల ఆకు ఉడికిపోతుంది. మళ్లీ గడ్డకట్టే చలి తగిలితే లేత అతుకు విడిపోతుంది. ఆ ఏడు వచ్చే చలికాలంలో కూడా ఆ చెట్టు గరాజులో ఉండాల్సిందే.

నెల గడిచినా పుల్ల పచ్చగా ఉంటే మనసు ఊరుకోదు. కడియంలో మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. “బాబాయ్, ఆకు వాడలేదు. అతుక్కున్నట్టేనంటావా?” అన్నాను. “పచ్చగా ఉందని మురిసిపోకురా. చిగురు కదిలిందా లేదా అది చెప్పు” అన్నాడు. ఆయన జూనిపర్ ఎన్నడూ చూడలేదు, మామిడి అంట్లు కట్టినవాడు. మాట మాత్రం రెండిటికీ సరిపోతుంది. కొసలు లేతపచ్చగా సాగి పారాఫిల్మ్‌ను చీల్చుకుని వస్తేనే అంటు పట్టినట్టు. సంచి అయితే అప్పుడు కూడా ఒక్కసారిగా తీయకూడదు. ముందు చిన్న కన్నం, తర్వాత పెద్దది, అలా బయటిగాలి అలవాటు చేయాలి.

మాను సొంత ఆకును వెంటనే నరికేయకూడదు. జూనిపర్ బలమంతా ఆకులోనే ఉంటుంది. పైగా అంటుకు అవతల ఉన్న సొంత ఆకు నీటిని లాగుతుంటేనే ఆ దారిలో అంటుకు నీరు అందుతుంది. కొత్త ఆకు పెరిగినకొద్దీ పాతది తగ్గించుకుంటూ పోవాలి. పూర్తిగా మార్చడానికి కొన్నేళ్లు పడుతుంది.

వేరు తెగని అంటు

బలహీనమైన చెట్టుకైతే ఇంకో దారుంది. చిన్న కుండీలో పెంచిన షింపాకు మొక్కను పాత మాను పక్కకు తెచ్చి, మానులో దాని లావుకు సరిపడా గాడి చెక్కి, మొక్క బెరడు రెండు పక్కలా గీసి ఆ గాడిలో పెట్టి బిగిస్తారు. మొక్క తన వేరుతోనే బతుకుతుంటుంది కాబట్టి దాహం బాధ లేదు. ఒకటి రెండు పెరుగుదల కాలాలకు రెండూ కలిసిపోతాయి. అప్పుడు మొక్క కింది కాండాన్ని కొద్దికొద్దిగా కోసి విడదీస్తారు.

మామిడికి పాతకాలంలో ఈ రకం అంటునే కట్టేవారు. తల్లిచెట్టు చుట్టూ వెదురు మంచె వేసి, దానిమీద టెంకమొక్కల కుండీలు ఎక్కించి, కొమ్మకూ మొక్కకూ జత కట్టేవారు. వానాకాలం చూసి కట్టేవారు, గాలిలో తేమ ఉంటుందని. అక్కడ తేమను వానాకాలం ఇచ్చింది, ఇక్కడ ప్లాస్టిక్ సంచి ఇస్తోంది.

ఇంతకీ అంటు కట్టడం న్యాయమేనా అన్న వాదం కూడా ఉంది. రాకీ మౌంటెన్ జూనిపర్‌కు దాని నీలిపచ్చ ఆకే అందమనీ, అన్ని చెట్లకూ జపాన్ ఆకు తొడిగితే అన్నీ ఒకేలా ఉంటాయనీ కొందరంటారు. నాకు ఆ మాట సమంజసమే అనిపిస్తుంది. ఆరోగ్యంగా, మానుకు దగ్గరగా ఆకున్న చెట్టును నేను ముట్టుకోను. మా ఉక్కకు ఏటా మాడిపోయే చెట్టుకు మాత్రం అంటు వైద్యమే.

చలి దేశాల్లో ఉన్నవాళ్లు మొదట నర్సరీలో దొరికే చవక జూనిపర్ ఒకటి కొని, ఇంట్లోకి తేకుండా రెండు చలికాలాలు దాటించండి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు డ్రాయింగ్ రూము కోసం జూనిపర్ జోలికి పోకండి. జువ్వి, చింత, బోగన్‌విల్లా మీ ఎండకు హాయిగా బతుకుతాయి, బోన్సాయ్‌కి చక్కగా లొంగుతాయి. అంటు కత్తి పట్టాలని ఉబలాటం ఉంటే నా మాట ఒక్కటి వినండి: మీ చేతుల్లో చలికాలం దాటని చెట్టుకు అంటు కట్టొద్దు.